అరవనివాడి దగ్గరికి

ప్రతి ఉదయం హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే నాకు మొదట వినిపించేది నా అరుపే. వెనక వాన పడుతుంటుంది, అడవిలో ఎక్కడో తుపాకులు పేలుతుంటాయి, వాటన్నిటి మీదుగా ఒకడు "మెడిక్, ఇటు, ఇటు" అని గొంతు చించుకుంటాడు. తెర మీద బురదలో పడి ఉన్నది బొమ్మ సైనికుడు, గొంతు మాత్రం నాది. మూడేళ్ళ కిందట ఇక్కడ మలేషియాలో, క్లాంగ్‌లో మా ఆఫీసు వెనక గదిలో, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించుకుని, మైకు ముందు నిలబడి ఇరవై రకాలుగా అరిచాను. వాటిలో ఒకటి కాన్పు గది లోంచి వచ్చినట్టుందని బయటివాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్ళకంటే గట్టిగా నేనే నవ్వాను. ఇప్పుడు అదే అరుపు చెవిలో పడితే నవ్వు రాదు. కుడికాలి దగ్గర ఎవరో ప్యాంటు గుడ్డ పట్టుకున్నట్టు ఉంటుంది. వంగి చూసుకుంటాను. ఎవరూ ఉండరని తెలిసే చూసుకుంటాను.

మా కంపెనీ యుద్ధం ఆటలు చేస్తుంది. అంతా నిజంలా ఉండాలన్నది మా బాస్ పట్టుదల. తుపాకీ బరువు, బూటు కింద ఆకు చప్పుడు, తడిసిన సంచీ రంగు, అన్నీ. ఆటని జనం కంటే ముందు ఆడి తప్పులు పట్టడం నా పని. మూడో ఫారంలో, అంటే తొమ్మిదో తరగతిలో, బడి మానేసినవాడికి పైవాళ్ళ తప్పులు పట్టే ఉద్యోగం దొరికిందని విని మా పాత మాస్టరు ఒకాయన రెండు పూటలు అన్నం ముట్టలేదట. ఆయన బాధ న్యాయమైనదే. కానీ ఆ ఆటలో దెబ్బతిన్నవాళ్ళని చూసే సైనికుడు, అదే మెడిక్, ఎలా పని చెయ్యాలో తేల్చింది బాసూ కాదు, నేనూ కాదు. మౌసు పట్టుకోవడం కూడా రాని, చేతులు వణికే ఒక ముసలాయన. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పేరు అప్పలసామి. సుంగై సిపుట్ చుట్టుపక్కల రబ్బరు తోటల్లో అందరికీ డ్రెస్సర్ మావ.

తోట డిస్పెన్సరీలో కట్లు కట్టి మాత్రలిచ్చే మనిషిని మా వైపు డ్రెస్సర్ అంటారు. అంతకు ముందు ఆయన సైన్యంలో మెడిక్. ఉత్తరాన సరిహద్దు అడవుల్లో ఏళ్ళ తరబడి తిరిగాడు. తిరిగాడని అందరికీ తెలుసు, అక్కడ ఏం చూశాడో ఎవరికీ తెలియదు. అడిగితే "జెలగలు" అనేవాడు. అంతటితో ఆపేసేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు రబ్బరు చెట్లకు గాటు పెట్టే కత్తి పాదంలో దిగింది. వీధి పొడుగునా ఒంటికాలి మీద గెంతుతూ, కొంగ నడక నడిచి చూపిస్తున్నానని అందర్నీ నవ్విస్తూ డిస్పెన్సరీ దాకా వెళ్ళాను. అక్కడ కిందికి చూసి, నా నెత్తురు నేను చూసుకుని, మొదలు నరికిన అరటి చెట్టులా పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి మావ కట్టు కడుతున్నాడు.

"నవ్వించుకుంటా వచ్చినావు. దేనికిరా?" అన్నాడు.

నొప్పి లేదు కాబట్టి అన్నాను.

"నొప్పి సంగతి కాదు. నీకు భయం ఉన్నాది. నీ భయం నోట్లోంచి బైటికెల్తాది. మంచిదే. సేతుల్లోకి దిగితేనే పని సెడిపోద్ది."

అప్పటిదాకా నన్ను చూసి పిరికివాడనుకున్నవాళ్ళు లేరు. అల్లరివాడన్నారు, వాగుడుకాయన్నారు, మా అమ్మ అయితే చేతిలో గరిటెను బట్టి రకరకాల పేర్లు పెట్టింది. లోపల ఉన్నది భయమని కనిపెట్టింది మాత్రం ఆయన ఒక్కడే. బడి మానేశాక డిస్పెన్సరీలో మందు సీసాల మీద తెలుగులో పేర్లు రాయించి అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఈ నాలుగు ముక్కలు నేను రాయగలుగుతున్నానంటే ఆ సీసాల పుణ్యం. దగ్గు మందు ఎక్కువ రాశాను కాబట్టి ఇప్పటికీ నా దకారం గుండ్రంగా వస్తుంది.

ఆయన ఉద్యోగం మానేసి కువాలా సెలంగోర్‌లో కూతురి దగ్గరకు చేరాడు. అప్పటికే రెండు చేతులూ వణికే జబ్బు పట్టుకుంది. మా ఆటలో మెడిక్ సరిగ్గా కుదరడం లేదని బాస్ గొణుగుతుంటే, నాకు తెలిసిన అసలు మెడిక్ ఒకాయన ఉన్నాడన్నాను. కారులో వెళ్ళి తీసుకొచ్చాను. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు వేసుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా వచ్చి తెర ముందు కూర్చున్నాడు. నేను ఆడి చూపించాను. ఒకడు తూటా తగిలి పడ్డాడు. పటం మీద వాడి దగ్గర ఎర్ర గుర్తు వెలిగింది. నా మెడిక్ తూటాల మధ్య నుంచి పరుగెత్తి, సూది ఒకటి పొడిచాడు. ఒకటి, రెండు, మూడు. పడ్డవాడు లేచి తుపాకీ పట్టుకుని మళ్ళీ పరుగెత్తాడు.

మావ తెర వైపే చూస్తూ, "ఆ సూదిలో ఏటున్నాది?" అని అడిగాడు.

మందు అన్నాను.

"ఆ మందు నాకు కావాల. మోకాళ్ళు నొప్పులు."

బాస్ నవ్వాడు, నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. తర్వాత ఆయన మలయ్‌లో కొంత, పాత సైన్యం ఇంగ్లీషులో కొంత చెప్పిందంతా మా బాస్ పలక పట్టిన పిల్లాడిలా రాసుకున్నాడు. పడ్డవాడు లేవడు. వాణ్ణి మొయ్యడానికి ఇద్దరు కావాలి, అంటే ఒక్క తూటాకు ముగ్గురు పోరు నుంచి పోతారు. మెడిక్ వెంటనే పరుగెత్తకూడదు. ముందు పడుకుని చూడాలి, ఎందుకంటే మెడిక్ పడితే మిగతావాళ్ళు సగం చచ్చినట్టే. కట్టు కట్టే రెండు చేతులూ కట్టుకే సరిపోతాయి, తుపాకీకి మూడో చెయ్యి లేదు. నెత్తురు ఆపాలంటే బటను ఒకసారి నొక్కితే చాలదు, నొక్కి పట్టుకునే ఉండాలి, పక్కన ఏం జరిగినా. సంచీలో ఉన్నవి అయిపోతాయి. అయిపోయాక కూడా పిలుస్తారు. ఇంకొకటి చెప్పాడు. పటం మీద ఎర్ర గుర్తులు తీసెయ్యమన్నాడు.

గుర్తు లేకపోతే ఎవరు పడ్డారో ఎలా తెలుస్తుందని బాస్ అడిగాడు. మావ దానికి జవాబు నాకు తెలుగులో చెప్పాడు, నువ్వు చెప్పు అన్నట్టు.

"అరిసేవోడికి ఊపిరున్నాది. ఆడు ఆగగలడు. అరవనోడు ఎక్కడున్నాడో ఎతుక్కోవాల. ఆడికాడికి ముందెల్లాల. ఇది రాసుకోమను లా."

చివర ఉన్న మలేషియా ఊతపదం 'లా' ఒక్కటీ వదిలేసి, నేను ఇంగ్లీషులో చెప్పాను. అరుస్తున్నవాణ్ణి వదిలేసి పోతే ఆడేవాడికి చిరాకొస్తుందన్నాడు బాస్. భయమేస్తుంది, ఇలాగైతే ఈ ఆట ఎవరాడతారు అన్నాడు. అది అర్థమై మావ కుర్చీలోంచి లేచాడు. "మరి ఆడమని ఎవులు సెప్పినారు?" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగి, నన్ను కళ్ళు మూసుకోమని, వెంట తెచ్చుకున్న తన పాత మందుల సంచీ నా ఒళ్ళో పడేసి, కట్టు గుడ్డ తియ్యమన్నాడు. నేను కత్తెర తీశాను. మళ్ళీ తియ్యమన్నాడు. దువ్వెన వచ్చింది. అందరూ నవ్వుతుంటే "ఈడు సచ్చిపోయినాడు" అని ఎవడో లేనివాడి వైపు చూపించాడు. సంచీ వారం పాటు నా దగ్గరే ఉంచుకోమన్నాడు. ఆ వారమంతా ఇంట్లో కళ్ళు మూసుకుని ఆ సంచీలో చెయ్యి పెడుతూ కూర్చున్నాను. ఎందుకో నాకే తెలియదు.

రెండోసారి తీసుకొచ్చిన రోజు సాయంత్రం ఆయన్ని ఇంటికి దింపడానికి కువాలా సెలంగోర్ వైపు వెళుతున్నాను. రెండు పక్కలా ఆయిల్ పామ్ తోటలు, ఇంకా ఎండ ఉంది. ముందు ఒక లారీ, దాని పక్కన ఒక మోటారుసైకిలు. లారీ కొంచెం పక్కకు జరిగింది, అంతే. ఢీకొట్టిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. లారీ ఆగకుండా పోయింది. మోటారుసైకిలు మాత్రం ఒరిగి, రోడ్డు మీద నిప్పురవ్వలు గీసుకుంటూ వెళ్ళి ఆగింది. నేను కారు ఆపి, స్టీరింగు వదలకుండా కూర్చుండిపోయాను. ఫోను చెయ్యమని మావ గద్దించాడు. అంబులెన్సుకు చేశాను. ఏ ఊరి దగ్గర అని అడిగితే వెంటనే నోట మాట రాలేదు. నా జీవితంలో అదే మొదటిసారి.

రోడ్డు మధ్యలో ఒక మలయ్ ఆవిడ పడి ఉంది. తొడ దగ్గర బట్ట చిరిగి నెత్తురు పొంగుతోంది. "తొలొంగ్, తొలొంగ్ దిక్," సాయం చెయ్యి తమ్ముడూ అని అరుస్తోంది. నేను ఆమె వైపు పరుగెత్తబోయాను. మావ నా చొక్కా పట్టుకుని ఆపాడు. అటూ ఇటూ చూశాడు. రోడ్డంతా చూశాడు. ఆయన చూస్తున్నంతసేపూ ఆమె అరుస్తూనే ఉంది, ఆ రెండు క్షణాలకే ఆయన మీద నాకు అసహ్యం వేసింది.

"ఆవిడ పని నాది. కాలవలో ఇంకొకడున్నాడు. నువ్వెల్లు."

అప్పుడు చూశాను. రోడ్డు పక్క మురుగు కాలవలో ఒక మగమనిషి బోర్లా పడి ఉన్నాడు. ముఖం నీళ్ళలో. జానెడు లోతు కూడా లేని నీళ్ళు. చప్పుడు లేదు. కాలవ దగ్గరికి పోవాలంటే ఆమెను దాటాలి. దాటబోతుంటే ఆమె నా ప్యాంటు పట్టుకుంది, కుడికాలి దగ్గర. నేను కాలు విదిలించాను. ఆ విదిలించడం నా కాలికి ఇప్పటికీ తెలుసు.

కాలవలోకి దిగాక మావ అరుపులే నా చేతులు. తలా ఒళ్ళూ కలిపి ఒక్కసారిగా తిప్పమన్నాడు, మెడ మెలిపెట్టకుండా. తిప్పాను. నోట్లో వేలు పెట్టి బురద తియ్యమన్నాడు. తీశాను. గడ్డం కింద పట్టుకుని దవడ పైకెత్తమన్నాడు. ఎత్తాను. అక్కడితో నా పని అయిపోయిందనుకుని, సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. లేస్తాడని చూశాను. అన్నేళ్ళుగా ఆటల్లో వేలమందిని అలాగే లేపాను మరి. మనిషి లేవలేదు. ముఖం బూడిద రంగులో ఉంది. నా చేతులు మొదలుపెట్టాయి, మోచేతుల నుంచి వేళ్ళ దాకా వణుకు, దవడ జారిపోతోంది.

వెనక్కి చూశాను. మావ ఆమె తొడ మీద మోకాలు పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసి కూర్చున్నాడు. ఆయన చేతులు గాలిలో ఆకుల్లా ఊగుతున్నాయి. మోకాలు మాత్రం రాయిలా ఉంది.

"సేతులు వణుకుతున్నాయి మావా," అన్నాను.

"నావీ వణుకుతున్నాయి. నోరు తెరువు. వాగు. నీకు వాగుడు కాపోతే ఏటొచ్చు?"

వాగాను. తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి చెవిలో, కొంగ నడక సంగతి చెప్పాను. మా అమ్మ గరిటెల సంగతి చెప్పాను. మా మాస్టరు రెండు పూటలు పస్తున్న సంగతి చెప్పాను. మధ్యలో ఎప్పుడో చేతులు ఆగాయి. మధ్యలో ఎప్పుడో ఆ మనిషి గొంతులో గురకలాంటిది ఒకటి వచ్చి, ఛాతీ లేచింది. సంతోషించాలి కదా, నాకు ఇంకా భయం పెరిగింది. ఇందాకటిదాకా పోయేదేమీ లేదు, ఇప్పుడు నా రెండు అరచేతుల్లో ఒక ఊపిరి ఉంది. అంబులెన్సు వచ్చేదాకా ఆ దవడ వదల్లేదు. ఎంతసేపో తెలియదు. నాకు తెలిసిన జోకులన్నీ అయిపోయి మళ్ళీ మొదటి నుంచి వచ్చాను.

ఇద్దరూ బతికారు. వారం పోయాక ఆస్పత్రికి వెళ్ళాను, బత్తాయిలు పట్టుకుని, కాస్త మెప్పు దొరుకుతుందన్న ఆశ కూడా పట్టుకుని. కాలవలో పడ్డ మనిషి ఇంకా నిద్రమత్తులో ఉన్నాడు. ఆమె కాలికి పెద్ద కట్టుతో పక్కన చక్రాల కుర్చీలో ఉంది. నన్ను గుర్తుపట్టింది. నా భర్తను కాపాడావు, దేవుడు నీకు మేలు చెయ్యాలి అంది. బత్తాయిలు అందుకుని, మెల్లగా, కోపం లేకుండా, "నేను పిలిచాను. నువ్వు నన్ను దాటి పోయావు," అంది.

ఆ తర్వాత నేను మాట్లాడటం మానేశాను. పని చేస్తున్నాను, తింటున్నాను, అడిగితే ఊఁ అంటున్నాను. ఆఫీసులో కొందరు హమ్మయ్య అనుకున్నారు. ఇన్నాళ్ళకు వీడికి పెద్దరికం వచ్చిందన్నాడు బాస్. రాత్రింబగళ్ళు కాలి దగ్గర ఆ పట్టు. ఆమె చెయ్యి విడిపోతున్నప్పుడు గోళ్ళు గుడ్డ మీద గీసుకున్న ఆ గరగర. అన్నిటికంటే భయపెట్టింది ఇంకొకటి. మళ్ళీ అలాంటిది ఎదురైతే మళ్ళీ అలాగే దాటి పోతాను. ఆ మనిషి నాలో ఉన్నాడని తెలిశాక అద్దంలోకి చూడటం మానేశాను.

పదకొండో రోజున మధ్యాహ్నం మావ ఆఫీసుకు వచ్చాడు. కువాలా సెలంగోర్ నుంచి బస్సెక్కి, వణికే చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కడే. ఎందుకొచ్చావు మావా అంటే, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"పది రోజులు నీ ఫోను రానేదు. నువ్వు సిన్నప్పట్నించీ వాగుతా ఉంటావు, అందుకని ఈడు బాగున్నాడు అనుకుని అందరూ దాటెల్లిపోతారు. నాను కూడా. ఇప్పుడు నీ సప్పుడు నేదు. భయమేసి వచ్చినాను."

నేను ఆమె మాట చెప్పాను. ఆయన కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత జలగలు కాని సంగతి మొదటిసారి చెప్పాడు. అడవిలో ఇద్దరు పడ్డారట. ఒకడు అమ్మా అమ్మా అని అరుస్తున్నాడు. మావకు అప్పటికి ఇరవై మూడేళ్ళు. అరుస్తున్నవాడి దగ్గరికి పరుగెత్తాడు. రెండోవాడు ఆరడుగుల దూరంలో చెట్టుకు ఆనుకుని, ఏమీ కానట్టు, మావ పని చేస్తుంటే చూస్తూ కూర్చున్నాడట. కట్టు అయ్యాక తల తిప్పి నీకేటైనాదిరా అని అడిగితే వాడు జవాబు చెప్పలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చొక్కా కింద, చంకలో, చిన్న కన్నం.

"నన్ను ఒక్క మాట కూడా అననేదు ఆడు," అన్నాడు మావ. "నిన్ను అనడానికి ఆవిడ ఉన్నాది. ఇద్దరూ బతికున్నారు. మాట పడు. పడి, బాబూ, మళ్ళీ వాగు."

తర్వాత ఆయన జేబులోంచి దువ్వెన తీసి, ఇది మొన్న నువ్వు తీసిన కట్టు గుడ్డ అన్నాడు. నేను నవ్వాను. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. పక్క బల్ల వాళ్ళు తెరల్లోకి తలలు దూర్చేశారు.

ఆ మర్నాడు బాస్‌తో కూర్చుని మెడిక్‌ని మొదటి నుంచి మార్చాం. సూది పోయింది. ఎర్ర గుర్తులు పోయాయి. నొక్కి పట్టుకుంటేనే నెత్తురు ఆగుతుంది, పట్టుకున్నంతసేపూ ఆడేవాడి చేతులు తెర మీద వణుకుతాయి, మెడిక్ మాట్లాడుతూ ఉంటే వణుకు తగ్గుతుంది. ఆ మాటలు కూడా నా గొంతే. అరిచేవాడు దారిలోనే ఉంటాడు. అరవనివాడు పొదల్లో ఎక్కడో ఉంటాడు, వెతుక్కోవాలి, వెతకడానికి అరిచేవాణ్ణి దాటాలి. దాటుతుంటే వాడు కాలు పట్టుకుంటాడు. అది నేను పెట్టించిందే. బాస్ వద్దన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆట బయటికొచ్చాక ఎవరో రాశారు, ఈ ఆటలో మెడిక్‌గా ఆడటం మానేశాను, భయమేస్తోంది అని. ఆ ఉత్తరం అచ్చు తీయించి మావకు చదివి వినిపించాను. "ఆడికి అర్తమైనాది," అన్నాడు.

పోయినేడాది ఆస్పత్రి మంచం మీద ఆయన మాట పడిపోయింది. చివరి నాలుగు రోజులూ పక్కన కూర్చుని నేను వాగాను. నర్సు ఒకసారి విసుక్కుంది. ఆయన చేతులు నా చేతుల్లో వణుకుతూనే ఉన్నాయి, ఆగినప్పుడే నేనూ ఆగాను.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా చప్పుడు చేసేవాళ్ళు నాకు కనిపించరు. పెళ్ళిలో, రైలులో, మాల్‌లో, ఎవడు మాట్లాడటం లేదా అని కళ్ళు వెతుకుతాయి. ఇది మంచి అలవాటు అనుకోకండి. మనశ్శాంతి ఉండదు. ప్రతి నిశ్శబ్దం వెనకా ఒక కాలవ ఉంటుందని భయం.

ఈ ఉదయం నా అరుపు విని హెడ్‌ఫోన్లు తీసేశాను. ఆఫీసంతా గోల. బాస్ ఫోనులో ఎవరినో తిడుతున్నాడు, ఇద్దరు తుపాకీ బరువు గురించి కొట్టుకుంటున్నారు. మూడో బల్ల దగ్గర హారిక కూర్చుని ఉంది. వరంగల్ నుంచి వచ్చి ఆరు నెలలైంది, నా జోకులకు అందరికంటే ముందు నవ్వే పిల్ల. సోమవారం నుంచి నవ్వలేదని ఇప్పుడే తట్టింది. ఇవాళ గురువారం. తెర మీద ఆట నడుస్తోంది, ఆమె చూడటం లేదు.

బాస్ నన్ను పిలిచాడు, చాలా గట్టిగానే పిలిచాడు. ఆయన్ని దాటుకుని వెళ్ళి, ఆమె పక్కకి కుర్చీ లాక్కున్నాను. భయం చేతుల్లోకి దిగకముందే నోరు తెరిచాను. కొంగ నడక సంగతి మొదలుపెట్టాను.